కొండదారుల్లో గుంపు నడకకు వేళాపాళా ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పడమటి కనుమల ట్రెక్కింగుపై ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. కుమార పర్వతం, కుద్రేముఖ్, తడియాండమోళ్ శిఖరాల సొగసును వ్యాసకర్త ఆసక్తికరంగా వర్ణించారు; ఫొటోలు కూడా బాగున్నాయి. అయితే శుక్రవారం రాత్రి బెంగళూరులో టెంపో ట్రావెలర్ ఎక్కితే తెల్లవారేసరికి కొండ కింద ఉంటామని, ఆదివారం రాత్రికి ఇల్లు చేరి సోమవారం యథాప్రకారం ఆఫీసుకు వెళ్లవచ్చునని, ఇందుకు మంచి బూట్లూ కాస్త ఉత్సాహమూ ఉంటే చాలునని అందులో రాసిన మాటలతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు యువతీయువకుల్లో చాలామంది మీ పత్రికను ఫోన్‌లోనే చదువుతారు, అందులో చూసిన కొండకే మరుసటి వారం ప్రయాణం కడతారు. వారి కోసమైనా ఈ లేఖను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నేను బెంగళూరులో స్థిరపడిన అనంతపురం వాణ్ణి. మలెనాడు, కొడగు కొండల్లో చిన్న బృందాలతో నడవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ నడకల్లో నాకు గట్టిపడిన అభిప్రాయం ఏమిటంటే, వారాంతపు ట్రెక్కులో తిరుగు బండి వేళ ముందుగా ఖాయమైపోయి, కొండ మీది వేళలన్నీ దానికి లోబడి ఉండవలసి రావడం దగ్గరే ఇబ్బందులు మొదలవుతున్నాయి. నిద్రలేని రాత్రి తర్వాత నడక ఆలస్యంగా మొదలవుతుంది. ఆలస్యమైంది కనుక వెనుకబడినవారిని తొందరపెడతారు. అంత దూరం వచ్చాక శిఖరం తాకకుండా దిగడానికి ఎవరికీ మనసొప్పదు కనుక మబ్బు కమ్ముతున్నా ఎక్కుతూనే ఉంటారు. చివరికి బండి డ్రైవరు హారన్ కొడుతున్నాడన్న కబురు మీద చీకట్లో రాళ్ల మీదుగా దిగుతారు. ఇందులో ఏ ఒక్కటీ కొండ చేసిన తప్పు కాదు.

కుమార పర్వతాన్నే తీసుకుందాం. పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉన్న ఈ శిఖరం ఎత్తు 1712 మీటర్లు. కుక్కే సుబ్రహ్మణ్య క్షేత్రం బాగా పల్లంలో ఉంది కనుక అక్కడి నుంచి బయలుదేరినవారు దాదాపు 1600 మీటర్లు ఎక్కాలి. దారి ఒకవైపే సుమారు 13 కిలోమీటర్లు. కొండ నడకకు పట్టే కాలాన్ని లెక్కగట్టడానికి విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఒకటి నేటికీ వాడుకలో ఉంది: ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట. ఈ లెక్కన ఎక్కడా ఆగకుండా నడిచే దృఢకాయుడికే కుక్కే నుంచి శిఖరానికి ఐదు గంటలు దాటుతుంది. రాత్రంతా బండిలో కూర్చుని, ఘాటు రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పించుకుని, ఉదయం పేరుకు రెండు ఇడ్లీలు తిని బయలుదేరిన ఇరవై మంది బృందానికి ఏడెనిమిది గంటలు పట్టినా ఆశ్చర్యపడనక్కర లేదు. దిగడానికి మరో ఐదారు గంటలు వేసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఆరు దాటితే చెట్ల కింద దారి కనిపించదు. ఉదయం ఆరింటికి మొదలుపెట్టినా ఈ నడక ఒక్క పగటిలో ఇమడదని కాగితం మీదే తేలిపోతోంది. సోమవారపేట వైపు బీదహళ్లి నుంచి ఎక్కితే దూరం దాదాపు సగానికి తగ్గుతుంది. మొదటిసారి వెళ్లేవారికి ఆ దారే మేలని మీ వ్యాసం చెప్పి ఉంటే బాగుండేది.

పైగా ఆ దారి అంతటా ఒకే తీరుగా ఉండదు. కుక్కే వైపు మొదట దట్టమైన అడవిలో, వేళ్లు పైకి తేలిన మట్టిదారిలో నిలువుగా ఎక్కాలి. తర్వాత నీడ అన్నది లేని గడ్డికొండలు వస్తాయి. కల్లు మంటపం (కన్నడంలో రాతి మంటపం అని) దాటి శేషపర్వతం ఎక్కాక మళ్లీ కొంత దిగి, షోలా అనే పొట్టి చెట్ల అడవి నీడలోంచి, ఎప్పుడూ చెమ్మగా ఉండే బండల మీదుగా పైకి పోవాలి. అడవిలో చల్లగా ఉందని నీళ్లు తాగనివారికి గడ్డికొండల మీద పిక్కలు పట్టేస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక చెమటతో తడిసిన నూలు చొక్కాతో శిఖరం మీద గాలికి నిలబడినవారు పది నిమిషాల్లో వణకడం మొదలుపెడతారు. జలగల భయంతో ఉప్పు పొట్లాలు మరచిపోకుండా తెచ్చుకునే మనవాళ్లు టార్చిలైటును, మార్చుకోవడానికి ఒక పొడి చొక్కాను మాత్రం బండిలోనే వదిలేస్తారు. జలగ కరిస్తే నెత్తురు కాసేపు ఆగదు గాని అంతకు మించి ఏమీ కాదు.

గుంపు నడకలో ఉన్న ఒక చిక్కును ట్రెక్కుకు కొత్తగా వచ్చేవారు గమనించరు. ముందు నడిచే నలుగురైదుగురు ఒక మలుపు దగ్గర ఆగి, కూర్చుని, నీళ్లు తాగి, ఫొటోలు తీసుకుంటారు. చివరి మనిషి రొప్పుతూ అక్కడికి చేరగానే, అందరూ వచ్చేశారు కదా అని లేచి నడక సాగిస్తారు. అంటే బలమున్నవాడికి ప్రతి మజిలీలోనూ పావుగంట విశ్రాంతి దొరుకుతుంది, అలసినవాడికి ఒక్క నిమిషమూ దొరకదు. మధ్యాహ్నానికి ఆ చివరి మనిషి మాట్లాడడం మానేస్తాడు; తన వల్ల అందరికీ ఆలస్యమవుతోందన్న సిగ్గుతో మోకాలి నొప్పిని కూడా చెప్పడు. ఇంకో గంటకు ముందువారికీ వెనుకవారికీ మధ్య కిలోమీటరు ఎడం ఏర్పడుతుంది. గడ్డికొండల మీద పశువుల బాటలు, జంతువుల బాటలు అనేకం అడ్డంగా చీలి ఉంటాయి; పొగమంచు దిగితే ఏది మనుషులు నడిచే బాటో గుర్తుపట్టడం కష్టం. ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. తప్పిపోవడం అనేది చాలాసార్లు ఇంత మామూలుగానే జరుగుతుంది. నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టి, అనుభవం ఉన్న ఒకరిని అందరి వెనుక నడిపించి, వెనుక మనిషి కంటికి ఆనకపోతే ముందు మనిషి అడుగు వేయకూడదన్న కట్టుబాటు పెట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అయితే అలా నడిస్తే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే బండి వేళ తప్పుతుంది. అందుకే సీటుకు ఇంతని తీసుకుని బృందాలను తీసుకెళ్లే నిర్వాహకులు కొందరికి ఈ పద్ధతి రుచించదు. నిర్వాహకులందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. పదిమందికి మించి తీసుకెళ్లనివారు, వానపడితే డబ్బు తిరిగి ఇచ్చి ప్రయాణం మానేసేవారు కూడా ఈ నగరంలో ఉన్నారు. కాని ధర తక్కువగా ప్రకటించేవారి దగ్గర లాభం రావాలంటే బండి నిండాలి, అదే వారంలో మరో బండి కూడా నిండాలి.

2024 జనవరిలో గణతంత్ర దినోత్సవం సెలవులు వారాంతంతో కలిసి వచ్చినప్పుడు కుమార పర్వతం దారిలో జాతరను తలపించే గుంపు చేరిన వీడియోలను మీ పాఠకులు చూసే ఉంటారు. ఆ తర్వాత కర్ణాటక ప్రభుత్వం ఆన్‌లైన్ బుకింగ్ ఏర్పాటు లేని ట్రెక్కులను తాత్కాలికంగా నిలిపివేసి, అదే ఏడాది అక్టోబరులో ‘అరణ్య విహార’ అనే బుకింగ్ వెబ్‌సైటును ప్రారంభించి, ఒక్కో దారికి రోజుకు 300 మందికి మించి అనుమతి ఉండదని ప్రకటించింది. ఈ నిర్ణయం మంచిదే. అడవికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. కాని ఆ 300 మందీ ఎన్నేసి మంది బృందాలుగా వస్తున్నారు, ఏ వేళకు ఎక్కడ ఉండాలి, ఏ వేళ దాటితే ఎవరు వెనక్కి పంపాలి అన్నవి పరిమితి అంకె ఒక్కదానితో తేలే విషయాలు కావు. యాభై మంది ఒకే నాయకుడి వెంట వచ్చినా 300 లోపలే, ఎనిమిదేసి మంది విడివిడిగా వచ్చినా 300 లోపలే. కొండ మీద ఈ రెండింటికీ పోలిక లేదు.

వేళ గురించీ కాలం గురించీ ఇంత పట్టుబట్టడం చాదస్తం అనుకునేవారికి 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగిన ఘోరాన్ని గుర్తు చేయక తప్పదు. చెన్నై నుంచి ఒకటి, ఈరోడ్, తిరుప్పూరు వైపు నుంచి ఒకటి చొప్పున అక్కడికి వెళ్లిన రెండు బృందాలు ఎండిన గడ్డి వాలుల్లో కార్చిచ్చుకు చిక్కుకున్నాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, వారిలో చాలామంది వయసులో చిన్నవారు. సమతల నేల మీద మంట ఎలా పాకుతుందో మనకు తెలుసు గాని, వాలు మీద దాని నడత వేరు. ఎగువన ఉన్న గడ్డి వైపు మంట ఒరిగి, తాకకముందే దానిని వేడెక్కించి ఎండబెడుతుంది. అందుకే వాలు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని అగ్నిమాపక శిక్షణలో చెబుతారు. మంటను చూసి పైకి పరుగెత్తే మనిషి దానితో పందెం గెలవలేడు, లోయ చీలికలో దిగినవాడికి పొగ ఊపిరాడనివ్వదు. ఫిబ్రవరి నుంచి తొలి వానలు పడేదాకా అటవీశాఖ గడ్డికొండల దారులను మూసివేసేది ఇందుకే. ఆ మూసివేతను అధికారుల బద్ధకం కింద జమకట్టి, ఊరి వాడొకడికి నాలుగు డబ్బులిచ్చి దొంగదారిన ఎక్కవచ్చునని వాట్సాప్ గుంపుల్లో సలహాలు ఇచ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఇంతకన్నా బాధ్యతలేని మాట మరొకటి ఉండదు.

కురంగణి తర్వాత తమిళనాడు ట్రెక్కింగుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరిట 40 దారులను తెరిచి, వాటిని తేలిక, మధ్యస్థం, కష్టం అని విడగొట్టి, గిరిజన గూడేల నుంచి, అడవి అంచు ఊళ్ల నుంచి యువతను తీసుకుని గైడ్లుగా శిక్షణ ఇచ్చింది. మన పొరుగు రాష్ట్రం మంచి పని చేసినప్పుడు ఒప్పుకోవడానికి మొహమాటం ఎందుకు? స్థానిక గైడును కర్ణాటకలోనూ చాలా దారుల్లో వెంట పంపుతున్నారు. కాని అతనికి ఉన్న అధికారం ఎంత? బెంగళూరు నుంచి బృందాన్ని తెచ్చిన నాయకుడు చేతిలో జీపీఎస్ పట్టుకుని ముందు నడుస్తుంటే, ఆ కొండలో పుట్టి పెరిగిన గైడు సంచి మోసేవాడిలా వెనుక నడుస్తాడు. వాన వస్తుంది, దిగుదామని అతను కన్నడంలోనో తుళులోనో చెబితే, మన తెలుగు పిల్లలకు అది అర్థం కాదు. నాయకుడు తన వీలును బట్టి దానిని ‘ఇంకో అరగంటలో శిఖరం’ అని చెబుతాడు. ఈ నగరంలో ఏళ్ల తరబడి ఉంటూ కూడా నాలుగు కన్నడ మాటలు నేర్చుకోని మనవాళ్లు, ప్రాణం మీదికి వచ్చే చోటుకు వెళ్లేముందైనా నేర్చుకుంటే మంచిది.

పెద్ద కొండల సంగతి చెప్పనే అక్కరలేదు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో 22 మంది బృందం మంచు తుపానుకు చిక్కుకుని, 9 మంది చలికి ప్రాణాలు విడిచారు. చనిపోయినవారిలో ఎక్కువమంది బెంగళూరువారు, వారిలో కొత్తవారే కాదు, కొండలు ఎరిగినవారూ ఉన్నారు. 4000 మీటర్లకు పైన వాతావరణం గంటలో మారిపోతుంది, గాలిలో ప్రాణవాయువు పలచబడుతుంది, సాయం రావాలంటే హెలికాప్టరే రావాలి. చనిపోయినవారిని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. అనుభవం ఉన్నవారికే అలా జరిగినప్పుడు, రెండు వారాంతాలు నంది కొండ, స్కందగిరి ఎక్కి మూడో నెలలో హిమాలయాలకు టికెట్లు కొనుక్కునేవారు ఒకసారి ఆగి ఆలోచించాలని మాత్రమే నా విన్నపం.

వేళ నియమం మనకు కొత్తదేమీ కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడిలో ఆరేళ్ల చిన్నారి చనిపోయిన తర్వాత, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలతో మెట్లదారిన వెళ్లకూడదని తిరుమల తిరుపతి దేవస్థానం ఆంక్ష పెట్టింది. భక్తులను గుంపులుగా, భద్రతా సిబ్బంది తోడుతో పంపించే ఏర్పాటు చేసింది. ఎంతో దూరం నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవారు కూడా దానిని పాటించారు. స్వామి దర్శనానికి ఒప్పుకున్న నియమాన్ని సెల్ఫీకి ఒప్పుకోలేమా? మరోవైపు మన పాడేరు దగ్గర వంజంగి మేఘాల కొండకు చలికాలపు తెల్లవారుజామున పోటెత్తుతున్న జనాన్ని చూస్తుంటే, కుమార పర్వతం దారిలో జరిగినది అక్కడ జరగడానికి ఎంతో కాలం పట్టదనిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే కర్ణాటక, తమిళనాడు అనుభవాలను తెప్పించుకుని పరిశీలించడం మంచిది.

ఇన్ని చిక్కులున్నప్పుడు కొండలను పూర్తిగా మూసివేస్తే పోలేదా అని నా మిత్రులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గడ్డికొండల మడతల్లో ముడుచుకున్న పొట్టి చెట్ల షోలా అడవులు నాలుగు నెలల వానను తడిగుడ్డలా పట్టి ఉంచి, మిగతా ఏడాదంతా చుక్కచుక్కగా వదులుతాయి. కుద్రేముఖ్ శ్రేణిలోని గంగమూల దగ్గర తుంగ, భద్ర పుట్టి, కూడలి వద్ద కలిసి, హొసపేట ఆనకట్ట దాటి, సుంకేసుల దగ్గర కర్నూలు-కడప కాలువలోకి మళ్లుతున్నాయి. ఎగువ కాలువ ద్వారా మా అనంతపురానికీ వస్తున్నాయి. పుష్పగిరి కొండల్లో పుట్టిన హారంగి కావేరిలో కలిసి బెంగళూరు కుళాయిల దాకా వస్తోంది. ‘తుంగా పానం, గంగా స్నానం’ అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవారు ఆ తుంగ ఊటను ఒకసారి కాలినడకన వెళ్లి చూస్తే, ఆ కొండ మీద ఇనుప ఖనిజం తవ్వకాలను 2005 చివరితో ఆపించిన సుప్రీంకోర్టు తీర్పు విలువ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అడవిని ఎన్నడూ చూడనివారు అడవి తరఫున మాట్లాడరు. కనుక దారులు తెరిచే ఉండాలి, కాని షరతులతో.

ఆ షరతులు ఏమిటో కూడా చెప్పాలి కదా. ఇన్ని గంటలకు ఎక్కడ ఉన్నా వెనుదిరగాలి అన్న వేళను టికెట్ మీదే ముద్రించాలి. అది దాటాక ఎక్కేవారిని ఆపే హక్కు గైడుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అతని మాట కాదన్న బృందాన్ని తెచ్చిన నిర్వాహకుడికి ఆ సీజన్‌లో మళ్లీ బుకింగ్ దొరకకూడదు. చెక్‌పోస్టు దగ్గర లోపలికి వెళ్లేవారి సంచుల్లో ప్లాస్టిక్ సీసాలు లెక్కపెడుతున్నారు, సంతోషం. సాయంత్రం తిరిగి వచ్చిన మనుషులను కూడా అంతే శ్రద్ధగా లెక్కపెట్టి, ఒకరు తగ్గితే రాత్రి పదింటికి కాక అప్పుడే వెతకడానికి మనుషులను పంపాలి. గైడుకు పదిమందికి మించి అప్పగించకూడదు. ఇక వాతావరణం బాగులేక వెనుదిరిగిన బృందానికి అదే టికెట్టుతో మరో తేదీ ఇస్తే, డబ్బు వృథా అవుతుందన్న బెంగతో మబ్బుల్లోకి ఎక్కేవారు చాలామంది తగ్గుతారు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, ఉన్న బుకింగ్ ఏర్పాటులోనే చేర్చవచ్చు.

పత్రికగా మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఇకముందు ఏ కొండ గురించి వ్యాసం వేసినా, ఎక్కవలసిన ఎత్తు ఎంత, నెమ్మదిగా నడిచేవారికి పట్టే సమయం ఎంత, దారిలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ నెలల్లో దారి మూసి ఉంటుంది అన్న వివరాలను పక్కన చిన్న బాక్సులో ఇవ్వండి. అలాగే కర్ణాటక అటవీశాఖ గైడుకు వెనక్కి తిప్పే అధికారం ఇచ్చిందా, ఇస్తే ఏ దారుల్లో ఇచ్చింది, చెక్‌పోస్టుల్లో సాయంత్రపు లెక్క ఎవరు చూస్తున్నారు అన్న మూడు ప్రశ్నలను మీ బెంగళూరు విలేకరి చేత అడిగించి, వచ్చిన జవాబును దసరా సెలవుల ముందే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు